ఫైనాన్స్ చదవాలంటే ఏది మేలు: బరంపురంలో ప్లస్ త్రీ కామర్సా, విశాఖలో బీబీఏనా?

ప్లస్ టూ ఫలితాలు రాగానే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లోని మన తెలుగు ఇళ్లలో ఇదే చర్చ. ఇక్కడే ప్లస్ త్రీ (డిగ్రీ) కామర్స్‌లో చేరాలా, విశాఖ వెళ్లి ప్రైవేటు యూనివర్సిటీలో ఫైనాన్స్ బీబీఏ (వ్యాపార నిర్వహణ డిగ్రీ) చేయాలా? నా అభిప్రాయం ముందే చెప్తాను. ఎక్కువ మందికి ఇక్కడి కామర్సే మేలు.

తేడా తెలియాలంటే మన గోపాలపూర్ పోర్టునే తీసుకోండి. 2024లో అదానీ పోర్ట్స్ అందులో 95 శాతం వాటా కొంది. ఆ కొనుగోలును ఖాతాల్లో ఎలా రాయాలి, గుడ్‌విల్ (నికర ఆస్తుల విలువకు మించి ఇచ్చిన ధర) ఎంత చూపాలి, పన్ను సంగతేంటి, ఆడిటర్ ఏం అడుగుతాడు? ఇవి కామర్స్ నేర్పే విషయాలు. అసలు ఆ పోర్టుకు అంత ధర ఎందుకు, ముందు ముందు వచ్చే నగదుకు ఈరోజు విలువ ఎంత కట్టాలి, అప్పు ఎంత తేవాలి? ఇది ఫైనాన్స్. పిల్లలకు రెండోదే ఆకర్షణగా కనిపిస్తుంది. కానీ ఆ లెక్కకు కావాల్సిన అంకెలన్నీ బ్యాలెన్స్ షీట్‌లో (ఆస్తులు, అప్పుల పట్టిక), క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో (నగదు రాకపోకల లెక్క) ఉంటాయి. అవి చదవడం రాని వాళ్లు ధర కట్టలేరు. బీబీఏలో మార్కెటింగ్, హెచ్ఆర్ కూడా చదవాలి కాబట్టి అకౌంట్స్‌కు దొరికే సమయం తక్కువ.

పైగా బీబీఏ తెరిచే తలుపులేవీ కామర్స్ వాళ్లకు మూసి లేవు. ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కు ఏ డిగ్రీ అయినా చాలు, జనరల్ వాళ్లకు 50 శాతం మార్కులుండాలి. బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగానికీ ఏ డిగ్రీ అయినా సరే. డిగ్రీ అయ్యాక సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) కోర్సులో మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో దశ ఇంటర్‌లో చేరాలంటే కామర్స్ వాళ్లకు 55 శాతం చాలు, ఇతర డిగ్రీల వాళ్లకు 60 కావాలి.

బీబీఏ గెలిచే చోటు ఒకటుంది. ప్రెజెంటేషన్లు, ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్‌ల వల్ల నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడే ధైర్యం వస్తుంది. మన పిల్లల్లో చాలామందికి తక్కువైంది అదే. అప్పు చేయకుండా ఫీజు, హాస్టల్ కట్టగలిగి, పిల్లలకు ఎంబీఏ మీద గట్టి ఇష్టం ఉంటే పంపండి. లోన్ తీసుకోవాల్సి వస్తే మాత్రం వద్దంటాను. చదువుతున్నంత కాలం కూడా వడ్డీ పడుతూనే ఉంటుంది. ఒడిశా వాసులం కాబట్టి ఆంధ్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ మనకు రాదు.

ఒడియా సంగతి కూడా ఆలోచించండి. ప్రభుత్వ బ్యాంకుల్లో ఒడిశా క్లర్కు పోస్టులకు ఒడియా చదవడం, రాయడం రావాలి. బరంపురం బ్రాంచిలో కౌంటర్ దగ్గరకు తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ వస్తారు. రెండు భాషలూ వచ్చిన మన పిల్లలకు అది పెద్ద బలం, దాన్ని వదులుకోకూడదు.

కామర్స్‌లో చేరినవాళ్లు క్లాసు పాఠాలతో ఆగిపోకూడదు. మొదటి ఏడాదే ఎక్సెల్ బాగా నేర్చుకోవాలి. రాయగడ పక్కన జేకేపూర్‌లో మిల్లున్న జేకే పేపర్ షేర్ మార్కెట్‌లో ఉన్న లిస్టెడ్ కంపెనీ, దాని వార్షిక నివేదిక నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వరసగా మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకుని అప్పు, లాభం, చేతికొచ్చిన నగదు ఎలా మారాయో రాసుకోవాలి. సెలవుల్లో షేర్ మార్కెట్ చదువుల సంస్థ ఎన్ఐఎస్ఎం పెట్టే పరీక్ష ఒకటి రాస్తే మ్యూచువల్ ఫండ్లు, షేర్ల రంగంలో పనికొస్తుంది.

బీబీఏకే వెళ్తామంటే ఫీజు కట్టే ముందు సిలబస్ అడిగి, అకౌంట్స్ పేపర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 2024-25 నుంచి బీబీఏ సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చింది కాబట్టి, చేరేది అనుబంధ కాలేజీ అయితే అనుమతి పత్రం కూడా చూపించమనండి.