తూకమా, కొలతా? గోపాల్‌పూర్ గాలం పోటీకి ఏది మేలు?

బరంపురం నుంచి గోపాల్‌పూర్ ఎంతో దూరం కాదు కాబట్టి మా చిన్న క్లబ్ పోటీ ఎప్పుడూ అక్కడి ఒడ్డునే. గెలిచిందెవరో ఎలా తేల్చాలన్న దగ్గరే మాటలు పెరుగుతాయి. పట్టిన చేపలన్నీ కాటా వేద్దామని సగం మంది, పొడవు కొలిచి వదిలేద్దామని సగం మంది. నేను కొలత వైపు.

తూకంలో సుఖం లేకపోలేదు. స్ప్రింగ్ కాటా కొక్కేనికి తగిలిస్తే లెక్క తేలిపోతుంది, రాత్రికి ఇంట్లో పులుసు ఉడుకుతుంది. "దొరికిన చేపను మళ్ళీ నీళ్ళలో వదలడమేంట్రా?" అని పెద్దవాళ్ళు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

కానీ ఒకటి చూడండి. ఒకే జాతి చేప పొడవు రెట్టింపయితే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. 40 సెంటీమీటర్ల పార చేప ఒక్కటి కాటా మీద 20 సెంటీమీటర్ల పారలు ఎనిమిదింటికి సమానం, టేపు మీద రెండింటికే. తెల్లవారుజాము నుంచి ఎర మారుస్తూ, కెరటం విరిగే చోటు చూసుకుంటూ ఓపిగ్గా లాగినవాడి కష్టాన్ని తూకం ఒక్క దెబ్బకు తుడిచేస్తుంది. అదే ఒక్కొక్కరి మంచి చేపలు మూడింటి పొడవు కలిపితే చివరి గంట దాకా అందరికీ ఆశ ఉంటుంది.

నాకు అంతకన్నా ముఖ్యం పండుగొప్ప. అది ముందు మగదిగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడదిగా మారే చేప. బాగా పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. తూకం పోటీలో అందరూ కోరుకునేది సరిగ్గా వాటినే. ఏటా వాటిని ఏరి చంపుకుంటే మన పిల్లలు గాలం వేసేనాటికి ఏం మిగులుతుంది?

కొలతకు జాగ్రత్త కావాలి, అది ఒప్పుకుంటాను. చెక్కకు టేపు అంటించి, ఒక చివర అడ్డు కొట్టి, ముందు నీళ్ళతో తడపాలి. చేతులూ తడిపే పట్టుకోవాలి, లేకపోతే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. నోరు మూసి మూతిని అడ్డుకు ఆనించి, పారలాంటి చీలిన తోకకు చీలిక మధ్య దాకా, పండుగొప్పలాంటి గుండ్రటి తోకకు చివరి దాకా చూడాలి. ఫోన్లో ఒక ఫోటో, వెంటనే నీళ్ళలోకి. గాలం లోపలికి మింగేసి ఉంటే పీకకుండా తంగూసు దారాన్ని దగ్గరగా కత్తిరించడమే మంచిది. జెల్లకు వీపు మీదా రెండు పక్కలా విషపు ముళ్ళుంటాయి, దాన్ని ప్లయర్ లేకుండా ముట్టొద్దు. టేకు (తోకలో విషపు ముల్లుండే చదునైన చేప) పడితే కొలవనే వద్దు, దానికి ముందే ఇన్ని పాయింట్లని రాసుకుని తంగూసు కోసేద్దాం.

బోటులో పెడదామన్న మాట కూడా వచ్చింది. లోతు నుంచి పైకి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బుతుంది, వదిలినా చాలాసార్లు బతకదు. పైగా నవంబర్ 1 నుంచి మే 31 వరకు తాబేళ్ళ కోసం రుషికుల్య నది ముఖద్వారం వైపు సముద్రంలో 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. అక్టోబర్ నమ్మదగింది కాదు, 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. కాబట్టి డిసెంబర్, జనవరిల్లో ఒడ్డు నుంచే నయం. నోలియాల (అక్కడి జాలరుల) పడవలు దిగేచోటు మాత్రం వదిలేద్దాం, వలలకు మన గాలాలు తగులుకుంటే నష్టం వాళ్ళది.

పులుసు సంగతంటారా, తలా ఒక మధ్యరకం చేప ఇంటికి తీసుకెళ్ళొచ్చని రాసుకుందాం. పండుగొప్ప మాత్రం వద్దు. ఇద్దరి మొత్తం సమానమైతే మూడో చేప ముందు పట్టినవాళ్ళదే గెలుపు, ఫోటో మీద టైం ఎలాగూ ఉంటుంది.