సాంపెంగ్ సందా, యావోరాత్ రోడ్డా? బ్యాంకాక్ చైనాటౌన్‌లో ఏది మేలు?

బ్యాంకాక్ వెళ్లే మనవాళ్లలో చాలామందికి చైనాటౌన్ అంటే యావోరాత్ రోడ్డే. రాత్రిపూట ఆ లైట్ల బోర్డుల కింద ఫొటోలు దిగి, ఏదో ఒకటి తిని వచ్చేస్తారు, దాని వెనకే ఉన్న సాంపెంగ్ సందు వైపు మాత్రం తిరిగి కూడా చూడరు. నాకది నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు పాత బజారు అదే.

1782లో థాయ్ రాజు మొదటి రామా రాజధానిని చావో ఫ్రయా నది తూర్పు ఒడ్డుకు మార్చినప్పుడు, రాజభవనం కట్టాల్సిన చోట అప్పటికే చైనా వర్తకులు ఉండేవాళ్లు. వాళ్లను అక్కడి నుంచి కదిలిస్తే వచ్చి స్థిరపడింది సాంపెంగ్‌లో. యావోరాత్ పని మొదలైంది 1891లో, ఐదో రామా కాలంలో.

కొనడానికైతే సాంపెంగే, ఇందులో నాకు అనుమానం లేదు. క్లిప్పులు, పూసలు, రిబ్బన్లు, బొమ్మలు, బ్యాగులు, అన్నీ హోల్‌సేల్. ఒకటి అడిగితే ఒక రేటు, డజను తీసుకుంటే ఇంకో రేటు, మన బేగంబజార్ లాగే. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రానికి షట్టర్లు పడిపోతాయి. సందు బాగా ఇరుకు, పైగా ఆ జనంలోంచే తోపుడుబళ్లూ బైకులూ వస్తుంటాయి కాబట్టి చంటిపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో కష్టమే.

బంగారం కోసమైతే యావోరాత్. అక్కడ తూకం గ్రాముల్లో కాదు, బాత్‌లలో చెప్తారు: ఒక బాత్ అంటే సుమారు 15.2 గ్రాములు, స్వచ్ఛత 96.5 శాతం. మన 22 క్యారెట్‌ది 91.6 శాతమే కదా, అందుకని గ్రాము రేటు ఒక్కటే పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది. ఇంకో మాట, నగల మీద కస్టమ్స్ మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకే, వారం రోజుల టూరుకి వెళ్లినవాళ్లకు కాదు.

తిండికి కూడా యావోరాతే, మాంసం, చేపలు తినేవాళ్లకైతే. శాకాహారులకు మాత్రం టెన్షన్, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. పసుపు రంగు మీద ఎర్రగా 'జే' (అంటే మాంసం, చేపలు లేని వంట) గుర్తు ఉన్న చోట తినొచ్చు. లేదంటే సాంపెంగ్‌లో పడమరగా నడుచుకుంటూ పోతే ఫాహురాత్ వస్తుంది, గురుద్వారా, బట్టల కొట్లు, మనవాళ్ల భోజనం అన్నీ అక్కడే.

ఒక్క పూటే ఉందంటే నేనైతే పొద్దున సాంపెంగ్‌కే పొమ్మంటాను. సాయంత్రం కూడా దొరికితే యావోరాత్, అదీ సోమవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు చాలా తిండి బళ్లు పెట్టరు. మెట్రోలో వాట్ మాంగ్‌కోన్ స్టేషన్‌లో దిగితే రెండూ నడిచే దూరమే.