స్విచ్ 2 పేరుతో అంటగడుతున్న మెమరీ కార్డులతో జాగ్రత్త

నింటెండో గేమ్ కన్సోల్ స్విచ్ 2 కోసం మెమరీ కార్డు కొందాం అనుకుంటున్నవారు కాస్త ఆగండి. కన్సోల్ 2025 జూన్ 5న వచ్చింది. దాని పేరు చెప్పి పాత సరుకు వదిలించుకోవడం మాత్రం అంతకుముందే మొదలైంది.

ఆన్‌లైన్‌లో ఒక విక్రేత 512 జీబీ కార్డును "స్విచ్ 2కు సరిపోతుంది" అని పెద్ద అక్షరాలతో అమ్మకానికి పెట్టాడు. ఇది స్విచ్ 2కు కావలసిన మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమేనా అని ముందే అడిగాను. "అవునండీ, చాలా స్పీడ్" అని జవాబిచ్చాడు. తీరా వచ్చిన కార్డు మీద యూ3, వీ30, ఏ2 అంటూ వేగం, పనితీరు తెలిపే గుర్తులకు కొదవ లేదు. ఎక్స్‌ప్రెస్ కార్డు మీద ఉండవలసిన ఈఎక్స్ గుర్తు మాత్రం లేదు. తిప్పి చూస్తే రెండు వరసలు ఉండవలసిన పిన్నులు ఒకే వరస. వాపసు తీసుకోమంటే, "సీలు తీశారు కాబట్టి కుదరదు. అయినా స్లాటులో పడుతుంది కదా" అన్నాడు. సీలు తీయకుండా వెనక పిన్నులు ఎలా చూడాలో ఆ మహానుభావుడే చెప్పాలి.

స్లాటులో పడుతుందన్న మాట నిజమే, మోసమంతా అక్కడే ఉంది. మామూలు మైక్రోఎస్‌డీ, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రెండూ ఒకే కొలతలో ఉంటాయి. కానీ స్విచ్ 2లో గేములు దాచుకోవడానికి ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలని నింటెండో స్పష్టంగా ప్రకటించింది. పాత కార్డు పెడితే, పాత స్విచ్‌లో తీసుకున్న స్క్రీన్‌షాట్లు, వీడియోలు కాపీ చేసుకోవడానికి పనికొస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. పాత స్విచ్‌లో వాడే యూహెచ్ఎస్-1 కార్డుల వేగానికి హద్దు సెకనుకు 104 ఎంబీ. ఎక్స్‌ప్రెస్ కార్డులు కంప్యూటర్ ఎస్ఎస్‌డీల మాదిరి పీసీఐఈ, ఎన్‌వీఎంఈ పద్ధతిలో పనిచేస్తాయి. వాటికి కాగితం మీద హద్దు 985 ఎంబీ. ఈ తేడాను ఏ అప్‌డేటూ పూడ్చలేదు.

ఇంకో మెలిక ఉంది. రెండు వరసల పిన్నులు కనిపించగానే ఎక్స్‌ప్రెస్ అనుకోకండి, యూహెచ్ఎస్-2 అనే మరో రకం కార్డులకూ రెండు వరసలే. ఈఎక్స్ గుర్తు ఒక్కటే నమ్మండి.

కన్సోల్‌లోనే 256 జీబీ స్టోరేజీ ఉంది కదా, కార్డుతో పనేమిటి అనేవారు గేమ్-కీ కార్డుల సంగతి గుర్తుంచుకోవాలి. డబ్బాలో కార్డు ఉంటుంది గానీ అందులో గేము ఉండదు. మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవలసిందే, ఆడేటప్పుడు ఆ కార్డు పెట్టవలసిందే! నాకైతే ఇది పద్ధతిగా అనిపించడం లేదు.

"రెండింటికీ పనికొస్తాయి" అనే తక్కిన సామగ్రి మీదా ఓ కన్నేయండి. కొత్త తెర 7.9 అంగుళాలు, పాత గాజు రక్షణ చాలదు. కన్సోల్‌కు ఇరుపక్కలా ఉండే కంట్రోలర్ జాయ్-కాన్ 2 అయస్కాంతంతో అతుక్కుంటుంది. పాత జాయ్-కాన్‌లు వైర్‌లెస్‌గా కలుస్తాయి తప్ప కన్సోల్ పక్కన బిగించడం కుదరదు.

కొనే ముందు ప్రకటననూ, విక్రేత ఇచ్చిన జవాబునూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేశాక ఆ ప్రకటనలో "స్విచ్ 2" కాస్తా "స్విచ్" అయిపోయింది. పాత ప్రకటన నా దగ్గర ఉండబట్టే ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది.