బల్దియా సర్వసభ్య సమావేశం: మన గల్లీ ప్రశ్నకు అక్కడ ఏం దక్కుతుంది?

ఇంటి పన్నుకు బదులుగా మనకు కంటికి కనిపించేవి నల్లా నీళ్లు, చెత్త బండి, వీధి దీపం. బల్దియా, అంటే నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశంలో మన డివిజన్ (వార్డు) కార్పొరేటర్ మన తరఫున లేచి మేయర్‌ను, అధికారులను జవాబు అడగడం కూడా మనకు అందాల్సిన సేవే. దాన్ని ఎట్లా వాడుకోవాలో తెలిసిన డివిజన్లకు అది బాగా పనికొస్తుంది. తెలియని చోట అరుపులు, పేపర్లో ఒక ఫొటో తప్ప ఏమీ మిగలదు.

ముందు సమయం లెక్క చూడాలి. 2013లో 42 గ్రామాలు విలీనమై, 2015లో గ్రేటర్ కార్పొరేషన్ అయిన వరంగల్‌కు ఇప్పుడు 66 డివిజన్లు. ఒక్కో సభ్యుడు 3 నిమిషాలే మాట్లాడినా 198 నిమిషాలు, అంటే ఒక్క జవాబు కూడా రాకముందే మూడు గంటలు దాటుతుంది. దీనికి తోడు ఎజెండా అంశాలు, ఆ రోజే చేతికిచ్చే టేబుల్ ఎజెండా, మధ్యలో పోడియం దగ్గర బైఠాయింపు. నోటిమాటగా అడిగిన ప్రశ్న ఈ రద్దీలో నిలవదు. గడువులోపల రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్నకు విభాగం నుంచి ఫైలు కదులుతుంది, అధికారి కాగితంతో వస్తాడు. ఈ సేవలో నిజంగా పనిచేసే భాగం ఇదే.

రెండో చిక్కు ఎవరిని అడుగుతున్నామన్నది. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు. ఫైళ్ల మీద కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. "మేయర్ గారు మా మోరీ ఎప్పుడు బాగుచేయిస్తారు?" అంటే "చూద్దాం, చేయిద్దాం" అనే జవాబు వస్తుంది. "మేయర్ గారూ, ఫలానా పని పూర్తయ్యే తేదీని ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారితో చెప్పించి మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో రాయించండి" అంటే తప్పించుకునే దారి ఉండదు. అధ్యక్ష స్థానం చేయగలిగిన పెద్ద పని అధికారి నోట తేదీ పలికించడం. అడిగేవాళ్లు అక్కడే పట్టుబట్టాలి.

ప్రశ్న శాఖ తప్పితే కూడా దండగే. వీధి దీపం బల్దియాది, స్తంభం, కరెంటు తీగ విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌వి. చెరువు పూడిక, తూము నీటిపారుదల శాఖవి, జాతీయ రహదారి పక్క కాలువ రహదారుల వాళ్లది. "అది మా పరిధి కాదు" అన్న ఒక్క మాటతో మూడు నిమిషాలూ పోతాయి. దీపం గురించైతే స్తంభం నంబరు రాసివ్వాలి. "వీధంతా చీకటి" అంటే లైన్‌మన్‌కు ఏమీ తెలియదు.

మోరీల పూడికతీత మీద గట్టిగా అడగాలి. 2020 ఆగస్టు, 2023 జులై వరదల్లో నయీంనగర్ నాలా వెంట కాలనీలు ఎట్లా మునిగాయో చూసిన నగరం ఇది. "పూడిక తీశారా?" అంటే ఎప్పుడూ "తీశాం" అనే జవాబే. అడగాల్సింది వేరు: ఏ కల్వర్టు నుంచి ఏ కల్వర్టు దాకా, ఎన్ని మీటర్లు, తీయకముందు, తీశాక లెవెల్స్ (మోరీ అడుగు మట్టం) ఎంత, ఎన్ని ట్రాక్టర్ ట్రిప్పులు ఎత్తారు, ఎక్కడ పోశారు, ఎంబీలో (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్‌లో) ఎంత రికార్డు చేశారు. తీసిన మట్టిని గట్టు మీదే కుప్పలు పోసి వదిలేస్తే మొదటి వానకే తిరిగి మోరీలోకి జారుతుంది, బిల్లు మాత్రం పాసవుతుంది. అందుకే ట్రిప్పుల లెక్క ముఖ్యం. ఇది మే నెలకు ముందే అడగాలి. జులైలో అడిగితే జవాబు దొరికినా నీళ్లు ఆగవు.

నల్లా నీళ్లదీ ఇదే తీరు. మొదటి పది నిమిషాలు మురికి నీళ్లొస్తున్నాయంటే, సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, లీకేజీ దగ్గర మోరీ నీళ్లు లోపలికి లాగుతున్నాయని అనుమానించాలి. "నీళ్లు బాగాలేవు" అనకుండా, లైన్ చివరి ఇంటి నల్లా దగ్గర క్లోరిన్ ఎంత వస్తుందో అడగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. క్లోరిన్ కొలిచే చిన్న కిట్ క్లోరోస్కోప్‌తో ఇంటి ముందే రెండు నిమిషాల్లో చూడొచ్చు. ట్యాంకు దగ్గర తీసిన రీడింగ్ చూపిస్తే ఒప్పుకోవద్దు, అక్కడ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

కుక్కలు, దోమలు, చెత్త బండి రాకపోవడం లాంటివి సభ దాకా మోయక్కర్లేదు. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కో, సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనో ఇస్తే త్వరగా తెగుతాయి. సభలో సమయం విలువైనది, దాన్ని డబ్బు, టెండరు, గడువు ముడిపడ్డ పనులకు దాచుకోవాలి.

కార్పొరేటర్ల విషయంలో ఒక మాట. ప్రతిపక్షం వాళ్లు గట్టిగా అడుగుతారు, అధికార పక్షం వాళ్లు మొహమాటపడతారని అనుకుంటాం. నిజానికి తేడా పార్టీలో కన్నా తయారీలో ఉంటుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర పని అంచనా కాపీ తీసుకుని, గల్లీలో టేపు పట్టి కొలిచి వచ్చిన సభ్యురాలు గొంతు పెంచకుండానే పని సాధిస్తుంది. డివిజన్ జనం చేయగలిగిన సాయం కూడా అదే: ఇంటి నంబర్లు, మీటర్లు, తేదీ ఉన్న ఫొటోలు ఒకే పేజీలో పెట్టి చేతికివ్వడం. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌కు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది ఉండాలి. ఆ కాగితం తయారుచేయడానికి వాళ్లే సరైనవాళ్లు.

ఈ సేవలో బలహీనమైన భాగం సభ ముగిశాక మొదలవుతుంది. హాలులో ఇచ్చిన హామీ మినిట్స్‌లో "సభ్యులు చర్చించారు" అన్న ఒక్క ముక్కగా కుదించుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే మినిట్స్ నకలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అంతకన్నా ముందే కార్పొరేటర్‌కు అందే కాపీ చూడటం మేలు. అందులో అధికారి హోదా, పని, తేదీ మూడూ ఉన్నాయో లేవో చూసుకోవాలి. ఏది లేకపోయినా, తర్వాతి సమావేశంలో పాత మినిట్స్ ఆమోదానికి వచ్చినప్పుడే లేచి సవరణ అడగాలి. ఆమోదం అయిపోతే మళ్లీ కొత్త ప్రశ్నగా మొదటి నుంచి రాయాల్సిందే.