డీడీరెస్క్యూ: కొన్నేళ్లు వాడాక నా మాట

పాడైపోతున్న హార్డ్‌డిస్కుల్లోంచి డేటా లాగడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నది గ్నూ డీడీరెస్క్యూ. ఉచితమనీ, లినక్స్‌లో కమాండ్లు కొట్టి నడపాలనీ అందరికీ తెలిసిందే. నాకు దీని మీద ఇంత అభిమానం కలగడానికి కారణం ఒక్కటే, దాని మ్యాప్ ఫైలు.

డిస్క్‌లో ఏ భాగం చదివేశామో, ఏది ఇంకా ముట్టుకోలేదో, ఎక్కడ ఎర్రర్ వచ్చిందో ఇది ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు. డేటా వచ్చేసిన చోట ప్లస్ గుర్తు, ముట్టుకోని చోట ప్రశ్నార్థకం, చదవలేకపోయిన సెక్టార్ల (డిస్క్‌లో డేటా ఉండే చిన్న చిన్న గడులు) దగ్గర మైనస్ ఉంటాయి. పని మధ్యలో ఆగినా అదే ఫైలు ఇచ్చి మళ్లీ నడిపితే ప్లస్ ఉన్న భాగాల జోలికి పోదు. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌తో చదివిందే మళ్లీ చదివించకుండా ఉండటం ఎంత ముఖ్యమో ఈ పని చేసినవాళ్లకు తెలుసు.

మా బావమరిది తణుకులో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. మొన్న వేసవిలో అతని 2 టీబీ పోర్టబుల్ డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ బిగుసుకుపోవడం, కాసేపటికి ఫార్మాట్ చేయమని అడగడం మొదలైంది. అందులో ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెళ్లి ఒకటుంది. “జీలకర్ర బెల్లం ఫొటోలు మళ్లీ తీయలేం కదా బావా” అన్నాడు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ రీడింగుల్లో పెండింగ్ సెక్టార్ల (చదవలేక అనుమానంలో పెట్టినవి) అంకె చూసినప్పుడల్లా పెరుగుతోంది. టకటక చప్పుడు మాత్రం లేదు, అదే కాస్త ధైర్యం. విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ పెట్టి చూద్దామంటే వద్దన్నాను. అది రిపేరు పేరుతో ఆ డిస్క్ మీదే రాస్తుంది.

ముందు మొండి భాగాలను వదిలేసి వెళ్లమని ‘మైనస్ ఎన్’ ఆప్షన్‌తో నడిపాను. సులువుగా వచ్చేదంతా సాయంత్రానికల్లా వచ్చేసింది. తర్వాత ఆ ఆప్షన్ తీసేసి మిగిలిన ముక్కల మీద పెట్టాను. అసలు టెన్షన్ అక్కడే. సెకనుకు మెగాబైట్లలో వచ్చేది బైట్లలోకి పడిపోయింది. చివరిసారి చదవగలిగి ఎంతసేపైందో చూపించే లైను స్క్రీన్ మీద ఒకటి ఉంటుంది, కళ్లన్నీ దాని మీదే. అర్ధరాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా ఎక్కువసేపు ఆగలేదు. కరెంటు వచ్చాక చూస్తే డ్రైవ్ ఇంకో పేరుతో కనిపించింది. కమాండులో పేరు మార్చి పాత మ్యాప్ ఫైలే ఇచ్చాను. అంతకుముందు వచ్చిన లెక్క అలాగే స్క్రీన్ మీదకొచ్చి, అక్కడి నుంచే పని సాగింది. మర్నాడు వెనక నుంచి ముందుకు చదివే ‘మైనస్ క్యాపిటల్ ఆర్’ పెడితే, అంతదాకా రాని ముక్కలు కూడా కొన్ని వచ్చాయి.

అయితే ఆగిన చోటు నుంచే సాగుతుందన్న మాటకు ఒక షరతుంది. కంప్యూటర్లో ఎక్కించకుండా లైవ్ పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడుపుతూ మ్యాప్ ఫైలును అక్కడే డెస్క్‌టాప్ మీద పెడితే అది ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటు పోతే దానితో పాటే పోతుంది. ఇంకో అసలైన డిస్క్ మీద పెట్టాల్సిందే. ఇంకొకటి, ఇది సెక్టార్లనే చూస్తుంది, ఫైళ్ల సంగతి దానికి తెలియదు. దాదాపు అంతా వచ్చిందని చూపించినా, పోయిన ఆ కాస్తా ఏ ఫొటోలోదో చెప్పదు. మాకు కొన్ని ఫొటోలు సగం దాకా బాగుండి, కింద బూడిద రంగు పట్టీతో తెరుచుకున్నాయి.

దీనికి ఫిల్ మోడ్ అని ఒక దారుంది, నాకు ఆలస్యంగా తెలిసింది. తీసిన ఇమేజ్‌కి (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా తీసిన నకలు) ఇంకో కాపీ చేసుకుని, మైనస్ ఉన్న చోట్ల మనకు నచ్చిన పదమొకటి నింపమనాలి. తర్వాత ఆ పదం ఉన్న ఫైళ్లను గ్రెప్‌తో (ఫైళ్లలో పదాలు వెతికే లినక్స్ కమాండు) వెతికితే దెబ్బతిన్న వాటి జాబితా చేతికొస్తుంది. బావమరిది ఆ జాబితా పట్టుకుని మెమరీ కార్డుల్లో మిగిలినవేవో, రెండో కెమెరాలో ఉన్నవేవో వెతుక్కున్నాడు. జీలకర్ర బెల్లం ఫొటోలు అన్నీ దక్కాయి. అప్పగింతలవి కొన్ని దక్కలేదు.

ఇది నాకు కుదిరిందంటే లినక్స్ అలవాటుంది, 4 టీబీ డిస్క్ ఖాళీగా ఉంది. డ్రైవ్‌లో డేటా కొంచెమే ఉన్నా, మొత్తం ఇమేజ్ తీయాలంటే డ్రైవ్ సైజంత చోటు దగ్గర పెట్టుకోవడం మేలు. నేరుగా ఇంకో డిస్క్ మీదకే కాపీ చేస్తే ఏది పాతదో ఏది కొత్తదో సీరియల్ నంబర్ చూసి మరీ ఖాయం చేసుకోవాలి, తారుమారైతే ఉన్నదీ పోతుంది. ‘ఫోర్స్’ అని చెప్పనిదే డిస్క్ మీద రాయడానికి ఇది ఒప్పుకోదు, అది మంచి జాగ్రత్తే. టకటకమనే డిస్క్ అయితే నేను కూడా కరెంటు తీసేసి, డిస్క్ విప్పడానికి దుమ్ము లేని గది, అంటే క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కే పంపుతాను. అసలు కనిపించకుండా పోయిన ఎస్ఎస్‌డీకి ఇది ఏమీ చేయలేదు. మ్యాప్ ఫైల్లో మైనస్‌లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, డిస్క్ తీసి పెట్టాం. ఆ అప్పగింతల ఫొటోల కోసం ఇంకోసారి పెట్టి చూస్తాను.