పాత అంబాసిడర్‌కు ట్యూబులు, వీల్ బ్యాలెన్సింగ్: ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

ట్యూబు టైర్ల మీద నడిచే పాత కారు స్టీరింగ్ వణుకుతోందని చెప్పగానే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా "వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి సార్" అనే. 1970 మోడల్ అంబాసిడర్ మార్క్ 2ను చాలా ఏళ్ళుగా విజయవాడలో తిప్పుతున్నాను. నా లెక్కలో ఆ సలహా తప్పేమీ కాదు, కాకపోతే అది చివర్లో రావాల్సింది. ముందు రిమ్ము వంకర లేకుండా ఉండాలి. ట్యూబు మడత పడకుండా కూర్చోవాలి. టైరు రిమ్ము మీద చుట్టూ సమంగా ఎక్కాలి. ఇవన్నీ అయ్యాక మిగిలే కొద్ది గ్రాముల తేడాను సరిచేయడమే బ్యాలెన్సింగ్ మెషీన్ పని. మొదటివి వదిలేసి నేరుగా మెషీన్ ఎక్కిస్తే తేడా సరిచేయడానికి రిమ్ము అంచుకు కొట్టే సీసం బిళ్ళలు పెరుగుతాయి గానీ వణుకు తగ్గదు.

బండి గురించి రెండు మాటలు. 1489 సీసీ ఇంజిన్, ముందు టార్షన్ బార్లు, వెనక కమాను పట్టీలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. టైర్ల సైజు 5.90-15, నైలాన్ క్రాస్‌ప్లై, అంటే లోపలి నైలాన్ దారాల పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఏటవాలుగా వేసిన పాత రకం. వెడల్పు 150 మిల్లీమీటర్లే కాబట్టి ఇప్పటి కార్ల టైరు పక్కన పెడితే సైకిల్ చక్రంలా ఉంటుంది. యాభై ఏళ్ళు దాటిన బండి కనుక 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ కింద 'వీఏ' సిరీస్ నంబరు తీసుకోవచ్చు. నేను తీసుకోలేదు. అది తీసుకుంటే ర్యాలీలకూ ప్రదర్శనలకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పడానికి ఒప్పుకోరు. నాకు ఈ బండి మీద కూరగాయలకు కూడా వెళ్ళే అలవాటు ఉంది.

"ట్యూబ్‌లెస్ వేయించుకోవచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. ఈ రిమ్ములకు నేను వేయను. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ములో బీడింగు (రిమ్ములో కూర్చునే టైరు గట్టి అంచు) కూర్చునే చోటికి లోపలి పక్కన ఒక చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినప్పుడు మలుపులో బీడింగు లోపలికి జారిపోకుండా ఆపేది ఆ గట్టే. పాత రిమ్ముల్లో అది ఉండదు. పైగా యాభై ఏళ్ళ తుప్పు, సుత్తి దెబ్బలు తిన్న అంచుల మీద గాలి నిలవడం కష్టం. ట్యూబుకూ ఒక పెద్ద లోపం ఉంది, దాచను. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది. ట్యూబు చిరిగితే మాత్రం వాల్వు రంధ్రంలోంచి, బీడింగు సందుల్లోంచి ఒక్కసారిగా దిగిపోతుంది. అందుకే హైవే మీద నా వేగం 70 దాటదు.

ఇక ట్యూబుల సంగతి. సహజ రబ్బరువీ వాడాను, బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరువీ వాడాను. రెండోసారి ఆలోచించకుండా బ్యూటైల్‌కే ఓటు. గాలిని ఆపడంలో రెండింటికీ పోలికే లేదు. సహజ రబ్బరు ట్యూబులున్నప్పుడు వారానికోసారి గాలి చూసుకోకపోతే కుదిరేది కాదు. బ్యూటైల్ వేశాక నెల తర్వాత చూసినా ఒకటి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కంటే ఎక్కువ తగ్గదు. బ్యూటైల్‌తో ఒకే ఇబ్బంది, ప్యాచ్ తొందరగా అంటుకోదు. బాగా గరుకు పట్టించి, సొల్యూషన్ రాసి ఆరేదాకా ఆగాలి. రోడ్డు పక్క షాపులో ఆ ఓపిక అందరికీ ఉండదు.

5.90-15 సైజు ఇప్పుడు ప్రతి షాపులో దొరికేది కాదు, కాబట్టి పాత స్టాకు అంటగట్టే అవకాశం ఎక్కువ. టైరు మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. ట్యూబును అక్కడే విప్పించి మడతల దగ్గర వేలితో లాగి చూడాలి. సన్నటి పగుళ్ళు కనిపిస్తే డబ్బా ఎంత కొత్తగా ఉన్నా వద్దనాలి. వాల్వు లావు కూడా చూసుకోవాలి. కారు ట్యూబులకు మామూలుగా వచ్చేవి రెండు రకాలు. టీఆర్ 13 అయితే రిమ్ములో సుమారు 11.5 మిల్లీమీటర్ల రంధ్రానికి, టీఆర్ 15 అయితే సుమారు 16 మిల్లీమీటర్ల రంధ్రానికి సరిపోతుంది. పెద్ద రంధ్రంలో సన్న వాల్వు పెడితే అది అటూ ఇటూ ఊగుతూ కొన్నాళ్ళకు మొదట్లోనే తెగుతుంది. తెగిన చోట ప్యాచ్ వేయడానికి వీలుండదు. సన్న వాల్వే దొరికితే రంధ్రంలో రబ్బరు బుష్ వేయించుకోండి.

కొత్త టైరుకు పాత ట్యూబు వేయించాలని చూడొద్దు. వాడిన ట్యూబు సాగి ఉంటుంది. కొత్త టైరులో దానికి చోటు చాలక మడత పడుతుంది, ఆ మడత దగ్గరే రాసుకుని తూటు పడుతుంది.

బిగించేటప్పుడు నేను పక్కనే నిలబడి చూసేవి కొన్ని ఉన్నాయి. రిమ్ము లోపలి తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టి, పూర్తిగా ఆరాకే టైరు ఎక్కించాలి. తుప్పు పెచ్చులు ట్యూబుకు బ్లేడులు. టైరు లోపల కాగితం స్టిక్కర్లు ఏమైనా అంటించి ఉంటే పీకేయాలి, అవీ ట్యూబును అరగదీస్తాయి. ట్యూబుకూ టైరు లోపలా పౌడర్ పల్చగా రాయాలి. గుప్పెడు పోస్తే ఒకే చోట ముద్ద కడుతుంది. ట్యూబును గుండ్రంగా నిలబడేంత వరకు కొద్దిగా గాలి కొట్టి టైరులో పెట్టాలి. అలా చేస్తే మెలిక పడదు, టైరు ఎక్కించే ఇనప లీవరు కింద నలగదు. రెండో వైపు బీడింగు ఎక్కించేటప్పుడు చివరి జానెడే ప్రమాదం. అక్కడ లీవరును లోతుగా దూర్చి బలం పెడితే ట్యూబు చిటికెలో చిల్లు పడుతుంది. అవతలి పక్క బీడింగును రిమ్ము నడుమ ఉన్న పల్లంలోకి తొక్కి పెడితే ఇవతల అంత బలం అక్కర్లేదు. బీడింగుకు సబ్బు నీళ్ళు సరిపోతాయి. గ్రీజు, ఇంజినాయిలు రాయనివ్వకండి, రబ్బరు పాడవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన చిట్కా మాత్రం ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. "ఒకసారి కొట్టి, మొత్తం దింపేసి, మళ్ళీ కొట్టాలి బాబూ" అనేవాడు. మొదటిసారి గాలి పట్టినప్పుడు ట్యూబు ఎక్కడ టైరుకు అంటుకుంటే అక్కడే ఆగిపోతుంది. మిగతా భాగం సాగి పల్చబడుతుంది, ఒకటి రెండు చోట్ల ముడత మిగులుతుంది. బీడింగు రెండు పక్కలా టప్పుమని కూర్చున్నాక వాల్వు పిన్ను తీసేసి గాలి అంతా వదిలేస్తే ట్యూబు సర్దుకుంటుంది. తర్వాత పిన్ను బిగించి నిండుగా కొట్టాలి. దీనికి పట్టేది ఐదు నిమిషాలు, అయినా అడగకపోతే చేసేవాళ్ళు తక్కువ. బీడింగు కూర్చోవడం లేదని 40 పీఎస్‌ఐ దాటించడం ప్రమాదం. గాలి దింపి, మళ్ళీ సబ్బు నీళ్ళు రాసి, మొదటి నుంచి రావాలి.

టైరు పక్కగోడ మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటుకు గుర్తు. దాన్ని వాల్వు పక్కకు తేవాలి, ఎందుకంటే ట్యూబులో బరువైన చోటు వాల్వే. గాలి కొట్టాక బీడింగు పైన టైరు చుట్టూ ఉండే సన్నటి గీత రిమ్ము అంచు నుంచి అన్ని చోట్లా ఒకే ఎడంలో ఉందో లేదో చూడాలి. ఒక చోట లోపలికి దిగి ఉంటే ఆ చక్రం గుండ్రంగా తిరగదు. దానికి ఎన్ని బిళ్ళలు కొట్టినా వృథా.

రిమ్ము వంకర చూడటానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బండి జాకీ మీద ఎత్తి, చక్రం పక్కన ఒక ఇటుక పెట్టి, దాని మీద స్క్రూడ్రైవర్ ఆనించి, మొన రిమ్ము అంచుకు తగిలీ తగలనట్టు ఉంచి చక్రం తిప్పితే చాలు. సందు పెరగడం, తగ్గడం రెండు మిల్లీమీటర్లు దాటితే ఆ రిమ్ము లేత్ షాపుకు వెళ్ళాల్సిందే. అసలు ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. బేరింగులోనో సస్పెన్షన్‌లోనో లూజు ఉంటే ఈ సమీక్ష చదవడం ఆపి మెకానిక్‌ను పిలవడం మంచిది.

ఇప్పుడు బ్యాలెన్సింగ్. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉందనుకుందాం. 70 కిలోమీటర్ల వేగంలో ఈ సైజు చక్రం సెకనుకు తొమ్మిది సార్లకు పైగా తిరుగుతుంది. ఆ 30 గ్రాములు తిరిగిన ప్రతిసారీ దాదాపు రెండు కిలోల బలంతో చక్రాన్ని లాగుతాయి. వేగం సగం చేస్తే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్ళో ఏమీ తెలియని వణుకు గన్నవరం హైవే ఎక్కగానే బయటపడేది ఇందుకే.

కంప్యూటర్ బ్యాలెన్సింగ్ మెషీన్ల మీద నాకు గౌరవం ఉంది. పాత చక్రాన్ని వాటికి బిగించే పద్ధతి మీదే ఫిర్యాదు. కొత్త కార్ల చక్రాలు నడిమి రంధ్రం ఆధారంగా హబ్బు (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) మీద కచ్చితంగా కూర్చుంటాయి. మెషీన్ కూడా ఆ రంధ్రంలోకి శంకువు దూర్చే చక్రాన్ని పట్టుకుంటుంది. పాత ఉక్కు చక్రాలు చాలావాటిని నడిమికి తెచ్చేది నట్ల ఏటవాలు. నడిమి రంధ్రం కేవలం హబ్బు పట్టడానికి కొట్టినది, సరిగ్గా మధ్యలో ఉంటుందన్న నమ్మకం లేదు. అంటే మెషీన్ మీద చక్రం ఒక కేంద్రం చుట్టూ తిరుగుతుంది, బండి మీద ఇంకో కేంద్రం చుట్టూ. తెర మీద రెండు సున్నాలు వస్తాయి, రోడ్డు మీద స్టీరింగ్ మాత్రం వణుకుతూనే ఉంటుంది. నగరంలో అద్దాల గదులున్న ఒక పెద్ద షాపులో నాకు జరిగింది ఇదే. సున్నా చూపించి బిల్లు చేతిలో పెట్టారు. వణుకు తగ్గలేదంటే "పాత బండి కదా సార్" అన్నారు.

మీ షాపులో చక్రం సరిగ్గా పట్టిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. సున్నా వచ్చాక చక్రాన్ని వదులు చేసి, మెషీన్ ఇరుసు మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించి తిప్పమనండి. ఐదు గ్రాముల లోపు చూపిస్తే సరే. ఇరవై, ముప్పై చూపించిందంటే అంతకు ముందు వచ్చిన సున్నాకు అర్థం లేదు. కుర్రాడు విసుక్కున్నా అడగండి, డబ్బు మీది.

నాకు దొరికిన పరిష్కారం స్టడ్ల (చక్రం నట్లు బిగించే బోల్టుల) కొలతకు చేయించుకున్న ప్లేటు. లేత్ షాపులో ఉక్కు ప్లేటు కోయించి, చక్రాన్ని దాని స్టడ్ల రంధ్రాల్లోంచే పట్టుకునేలా ఏటవాలు మొనల పిన్నులు పెట్టించాను. శంకువుకు బదులు ఈ ప్లేటు బిగిస్తే చక్రం బండి మీద కూర్చున్నట్టే మెషీన్ మీదా కూర్చుంటుంది. ఖర్చు ఒక కొత్త టైరు ధరలో సగం కూడా కాలేదు. అది డిక్కీలోనే ఉంటుంది, బ్యాలెన్సింగ్‌కు వెళ్ళినప్పుడల్లా పట్టుకెళ్తాను. ఈ బండికి పెట్టిన ఖర్చుల్లో దీని మీద నాకు ఎప్పుడూ విచారం లేదు.

అయినా ఒక ముక్క మిగులుతుంది. మెషీన్ చక్రాన్నే చూస్తుంది, దాని వెనకున్న పోత ఇనుము డ్రమ్మును చూడదు. డ్రమ్ము బరువు కూడా అన్ని పక్కలా సమంగా ఉండదు. ఇదివరకు బండి మీదే చక్రాన్ని మోటారుతో తిప్పి బ్యాలెన్స్ చేసే మెషీన్లు ఉండేవి. అవి డ్రమ్మును కూడా కలిపి లెక్క చూసేవి. ఇప్పుడు వాటిని వెతకడం వృథా ప్రయాస. ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలనే కాబట్టి ముందు చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. బ్రేకు షూలు వదులు చేసి, జాకీ మీద చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలితే బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది. పై వైపు ఐదు, పది గ్రాములు చేర్చుకుంటూ, ఎక్కడ వదిలితే అక్కడ ఆగేదాకా చూడాలి. ఇంత సన్నటి చక్రాలకు ఈ నాటు పద్ధతి కూడా చాలావరకు సరిపోతుంది. ఇలా చేశాక ఒక స్టడ్డుకూ దాని రంధ్రానికీ పెయింటు చుక్క పెట్టుకోండి. చక్రం విప్పినప్పుడు మళ్ళీ అదే స్టడ్డుకు అదే రంధ్రం రావాలి. లేకపోతే డ్రమ్ము తేడా ఇంకో వైపుకు తిరిగి మొదటికొస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అంచుకు కొట్టే సీసం బిళ్ళలు బాగా నిలిచాయి. అంటించే స్టిక్కర్ బిళ్ళలు ఎండకు, నీళ్ళకు ఊడిపోయాయి. పంక్చర్ కాకుండా ట్యూబులో పోసే ద్రవం ఒకసారి వాడి మానేశాను. బండి ఆగి ఉన్నప్పుడు అదంతా కిందికి చేరుతుంది, ఇక బ్యాలెన్స్ మాట మర్చిపోవాల్సిందే. నైట్రోజన్‌తో నాకు తేడా తెలియలేదు, మామూలు గాలే ముందు 26, వెనక 28 పెడుతున్నాను. గాలి మరీ తక్కువగా నడిపితే బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరిగి ట్యూబును కూడా లాక్కుపోతుంది. వాల్వు పక్కకు వాలి కనిపించిందంటే అర్థం అదే. గాలి తీసి సర్దకపోతే ఆ ట్యూబు ఎక్కువ రోజులు ఉండదు.

నైలాన్ టైర్ల గురించి ఒకటి తెలిసి ఉంటే అనవసరపు టెన్షన్ తప్పుతుంది. రాత్రంతా ఒకే చోట నిలిపిన టైరు నేలకు ఆనిన భాగం కాస్త చదునవుతుంది. పొద్దున్నే బయల్దేరితే మొదటి కొన్ని కిలోమీటర్లు బండి దడదడమంటుంది, టైరు వేడెక్కాక అదే పోతుంది. కాబట్టి వణుకును అంచనా వేసేది అరగంట నడిపాకే. నెలల తరబడి కదపని బండిలో మాత్రం ఆ చదును అలాగే ఉండిపోవచ్చు. నేను వానాకాలంలో బండి తీయకపోయినా వారానికోసారి కొంచెం ముందుకు నెట్టి ఉంచుతాను.

ప్రస్తుతం హైదరాబాద్ హైవే మీద 70లో స్టీరింగ్ మీద రెండు వేళ్ళు చాలు. వెనక కుడి చక్రం రిమ్ము కొద్దిగా వంకర ఉంది, దానికి వేసిన బిళ్ళలు మిగతా వాటికంటే ఎక్కువే. సరైన పాత రిమ్ము ఆటోనగర్ తుక్కు షాపుల్లో దొరికేదాకా దాన్ని వెనకే ఉంచుతున్నాను.