పురానాపూల్‌ని పక్క నుంచి చూడండి

హైదరాబాద్ ఎన్నిసార్లు వెళ్లినా గోల్కొండ, చార్మినార్ చూసి వచ్చేసేవాళ్లం. ఈసారి నేనూ మా ఆవిడా ఆ రెంటినీ కలిపిన పాత వంతెన కోసమే ఒక పొద్దు ఉంచుకున్నాం. నాంపల్లిలో ఆటో ఎక్కి పురానాపూల్ అంటే, "కూరగాయలకా అన్నా?" అన్నాడు డ్రైవర్. అక్కడ దిగాక గానీ ఆ ప్రశ్న అర్థం కాలేదు.

వంతెన మీద నిలబడితే అది వంతెనని తెలియదు. అటూ ఇటూ టమాటా గుట్టలు, ఆకుకూరల కట్టలు, మధ్యలో నడవడానికి సన్నటి దారి. పక్కనే కొత్త వంతెన ఉంది, బళ్లన్నీ దాని మీదే వెళ్తాయి. దాని మీదకి వెళ్లి వెనక్కి తిరిగి చూశాం. మూసీలో వరసగా 22 రాతి కమానులు, ఒక్కొక్కటి పైకి కొనదేలి ఉంది. ఎండ ఏటవాలుగా పడుతుంటే కమానుల లోపలి రాళ్లు కూడా కనిపించాయి. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా 1578లో దీన్ని కట్టించాడు. చార్మినార్ 1591 నాటిది. అంటే ముందు వంతెన వచ్చింది, తర్వాతే ఏటికి దక్షిణాన నగరం వెలిసింది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి కూడా దీని మీదుగానే. మాది కృష్ణా జిల్లా కాబట్టి ఆ మాట నాకు ఇంకాస్త దగ్గరగా అనిపించింది. పారిస్‌లోని పాంట్ న్యూఫ్ వంతెనకీ సరిగ్గా 1578లోనే పునాది వేశారు. తర్వాతి శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఈ రెండు వంతెనలనూ పోల్చాడు.

ప్రేయసి భాగమతి కోసం ఇబ్రహీం కొడుకు, యువరాజు మహమ్మద్ కులీ వరదలో ఏరు దాటాడని, అందుకే తండ్రి వంతెన కట్టించాడని ఒక కథ. అప్పటికి ఆ యువరాజుకి పదమూడేళ్లు! నాకు కథ కన్నా 1908 సెప్టెంబరు వరద గొప్పగా తోస్తుంది. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. అన్నిటికన్నా పాతదైన ఇది మాత్రం నిలిచింది.

వెళ్లేవాళ్లు పొద్దున ఏడులోపు వెళ్లండి, తర్వాత రద్దీ. సొంత కారు వద్దు, పార్కింగ్ టెన్షన్. బాత్రూమ్ అవసరం బసలోనే చూసుకోండి. మూసీ కంపు ఉంటుంది, తప్పదు. బస్టాండు దగ్గర అఫ్జల్‌గంజ్ వైపు లాడ్జీలు చవకే కానీ, మొదటి రాత్రి మాకు హారన్లతో నిద్ర లేదు. మర్నాడు నాంపల్లికి మారాం. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్లు వచ్చాయి.

బేరాలు అక్కడే సాగనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. నాలుగున్నర శతాబ్దాలుగా జనం కాలు పడుతున్న చోటు అది. కానీ కుళ్లిన కూరలు గోడ మీదుగా ఏట్లోకి విసిరేస్తుంటే మనసు ఒప్పలేదు. వంతెన దక్షిణపు కొసన పాత దర్వాజా ఉంది, దాని కింద నుంచి కూడా ఒకసారి నడవండి.